సెర్చ్ బాక్స్‌లో వేగంగా టైప్ చేస్తే పాత ఫలితాలు ఎందుకు వస్తున్నాయి?

"గుం" దగ్గర సర్వర్‌కు ఒక రిక్వెస్ట్, "గుంటూరు" పూర్తయ్యాక ఇంకొకటి వెళ్తాయి. జవాబులు అదే వరుసలో రావాలని రూలేమీ లేదు. "గుం" జవాబు ఆలస్యమైతే, సరైన జాబితాను చెరిపేసి అదే వచ్చి కూర్చుంటుంది.

చాలామంది డిబౌన్స్ పెట్టి ఊరుకుంటారు. అంటే టైపింగ్ ఆగిన 300 మిల్లీసెకన్ల తర్వాతే రిక్వెస్ట్ పంపడం. రిక్వెస్టులు తగ్గుతాయి గానీ జబ్బు పోదు. కొత్తది పంపే ముందు అబార్ట్‌కంట్రోలర్‌తో (రిక్వెస్టును మధ్యలో ఆపడానికి బ్రౌజర్ ఇచ్చే సాధనం) పాత ఫెచ్‌ను, అంటే పాత రిక్వెస్టును, రద్దు చేయండి. అప్పుడు వచ్చే అబార్ట్‌ఎర్రర్‌ను పట్టుకుని వదిలేయండి, యూజర్‌కు చూపించకండి (నేను చూపించి తిట్లు తిన్నాను).

తెలుగుకు ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు చేసే కీబోర్డుల్లో పదం ఖరారు కాకముందే ఇన్‌పుట్ ఈవెంట్లు (బాక్స్‌లో అక్షరాలు మారాయని బ్రౌజర్ ఇచ్చే కబుర్లు) వస్తాయి. పదం ఇంకా తయారవుతోందని చెప్పే ఈజ్‌కంపోజింగ్ ట్రూగా ఉన్నంతసేపు ఆగి, పదం ఖరారైందని చెప్పే కంపోజిషన్‌ఎండ్ ఈవెంట్ వచ్చాక వెతకండి. అయితే ఆండ్రాయిడ్‌లో కొన్ని కీబోర్డులు మామూలు ఇంగ్లిష్ టైపింగ్‌ను కూడా కంపోజింగ్‌గానే చూపిస్తాయి. అందుకే ఫోన్‌లో చూడకుండా ఈ షరతు పెట్టొద్దు.

మీ కంప్యూటర్‌లోనే నడిచే లోకల్ సర్వర్‌లో జవాబులు వెంటనే వస్తాయి కాబట్టి ఈ బగ్ సాధారణంగా కనిపించదు. ప్రతి జవాబుకు 0 నుంచి 2 సెకన్ల మధ్య ఎంతో కొంత ఆలస్యం కలిపి చూడండి, వెంటనే దొరికిపోతుంది.