గాలి ఆగాక ఏం జరుగుతుందో కూడా రాయి

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు వాతావరణ శాఖ తెరుస్తోంది అన్నయ్యా" అంది. సగం వెక్కిరింపు, సగం మురిపెం. అమెరికాలో సియాటిల్ పక్కన సమామిష్, ఇసాక్వా, రెడ్‌మండ్ వైపున్న మనవాళ్ల కోసం ఈ చలికాలమంతా గాలివానలు, మంచు, వరదల కబుర్లు తెలుగులో వాట్సాప్‌లో పెడతావట. నాకు ముందు భయమేసింది. తర్వాత ఆ సంగతి మీ అత్తయ్యకు చెబుతుంటే నా గొంతు నాకే గర్వంగా వినపడింది. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ వంటింట్లో పని చేసుకుంటావు. అందుకే రాస్తున్నాను, కూర్చుని చదువు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. అంచనా నువ్వు తయారుచెయ్యకు. సియాటిల్ నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్లు చెప్పింది మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పు, చాలు. వాచ్ అంటే రావచ్చు, వార్నింగ్ అంటే వచ్చేసింది లేదా వచ్చేస్తోంది. ఈ తేడా ప్రతి నెలా ఒకసారి గుర్తుచెయ్యి. పది రోజుల తర్వాతి కంప్యూటర్ మోడల్ బొమ్మలు, ఎర్రగా ఊదాగా భయపెట్టేవి, గ్రూపులో పెట్టకు. ప్రతి పోస్టుకీ తేదీ, టైము వెయ్యి. లేకపోతే నువ్వు ఈ నవంబరులో రాసింది వచ్చే జనవరిలో ఎవరో ఫార్వర్డ్ చేస్తారు, ఊరంతా టెన్షన్ పడుతుంది.

ఇప్పుడు తిట్లు. స్నోక్వాల్మీ నదికి ఫేజ్ 4 హెచ్చరిక, అంటే అన్నిటికన్నా పెద్దది, 38 వేల క్యూసెక్కులని చదివి "ఇంతేనా, మన భద్రాచలంలో లక్షల్లో కదా" అని నవ్వావట. నవ్వాల్సిన విషయం కాదు. నేను ఆ గోదావరి గట్టున పెరిగినవాణ్ణే. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మాకు ఎక్కాలతో పాటే వచ్చేవి. 2022 జులైలో 71 అడుగులు దాటి, 24 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినప్పుడు ఇక్కడ ఖమ్మంలో టీవీ ముందు కూర్చుని వణికినవాణ్ణి. కానీ గోదావరి చెప్పి వస్తుంది. ఎగువన కాళేశ్వరం దగ్గర చూస్తాం, పేరూరు దగ్గర చూస్తాం, సామాన్లు సర్దుకోవడానికి ఎంతో కొంత వ్యవధి దొరుకుతుంది. మీ స్నోక్వాల్మీ అలా కాదు. కాస్కేడ్ కొండల్లో రాత్రంతా వాన కొడితే మర్నాటికల్లా ఫాల్ సిటీ, కార్నేషన్ దగ్గర పొలాలు చెరువులైపోతాయి. ఎగువన మూడు పాయల్లో కలిపి 20 వేల క్యూసెక్కులు దాటిందంటే ఫేజ్ 3. లోయలో రోడ్లు ఒక్కొక్కటే మునగడం మొదలవుతుంది. ఇంకాస్త పెరిగితే డువాల్ ఊరికి పడమటి నుంచి వెళ్లే దారులన్నీ మూతపడతాయి. గ్రీన్ నదికి హోవర్డ్ హాన్సన్ డ్యామ్ ఉంది, వైట్ నదికి మడ్ మౌంటెన్ డ్యామ్ ఉంది. స్నోక్వాల్మీకి వరదను పట్టి ఉంచే డ్యామ్ లేదు. కొండ మీద పడింది పడ్డట్టే కిందికి వస్తుంది. అంకె చిన్నదని గ్రూపులో తేలిగ్గా రాశావంటే నేనే ఫోన్ చేసి అరుస్తాను.

వాన ఎన్ని అంగుళాలని అందరూ అడుగుతారు. నువ్వు చూడాల్సింది ఫ్రీజింగ్ లెవెల్. ఎంత ఎత్తులో గాలి సున్నా డిగ్రీలకు చేరుతుందో ఆ ఎత్తు. మంచు సుమారుగా దానికి వెయ్యి అడుగుల కింది దాకా పడుతుంది. స్నోక్వాల్మీ కనుమ ఎత్తు మూడు వేల అడుగుల పైచిలుకు. ఫ్రీజింగ్ లెవెల్ మూడు వేల దగ్గరుంటే పడినదంతా కొండ మీద మంచుగా కూర్చుంటుంది, నది నిద్రపోతుంది. అదే హవాయి వైపు నుంచి వెచ్చటి తేమ పట్టీ కట్టుకుని వచ్చిందనుకో, పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అని మీ దగ్గర పిలుస్తారే, అది, ఫ్రీజింగ్ లెవెల్ ఏడెనిమిది వేలకు ఎగబాకుతుంది. అప్పుడు కొండ నెత్తి నుంచి పాదం దాకా అంతా వానే. నదికి నీళ్లిచ్చే విస్తీర్ణం ఒక్క పూటలో ఎన్నో రెట్లయిపోతుంది. తీరాన క్విలయూట్‌లో రోజుకు రెండుసార్లు వాతావరణం కొలిచే బెలూన్ వదులుతారు, చలికాలం టైములో సుమారు తెల్లవారుజాము నాలుగుకీ, సాయంత్రం నాలుగుకీ. ఫ్రీజింగ్ లెవెల్ నిజంగా ఎంతుందో చెప్పేది అదే. అక్కడ వాతావరణ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా ఫ్లాస్కులో కాఫీ దాని టైముకే తెరిచేవాణ్ణి.

"మంచు కరిగి వరదొచ్చింది" అని రాసే ముందు ఒక నిమిషం ఆగు. వరదలో ఎక్కువ భాగం వాన నీళ్లే ఉంటాయి, కరిగిన మంచు దానికి తోడు. లోతుగా, చల్లగా, పొడిగా ఉన్న మంచయితే ఎండు అటుకుల్లా మొదటి వానను పీల్చేసుకుంటుంది కూడా. ప్రమాదం తక్కువ ఎత్తులో, వారం కిందట పడిన పల్చటి తడి మంచుతో. దాని మీద వెచ్చటి గాలి గట్టిగా వీస్తే చాలు. ఎండ అక్కర్లేదు, వాన కూడా పెద్దగా అక్కర్లేదు. గాలిలోని ఆవిరి మంచు మీద నీరుగా మారేటప్పుడు వేడి వదులుతుంది. ఒక గ్రాము ఆవిరి వదిలే వేడికి ఏడు గ్రాములకు పైగా మంచు కరుగుతుంది. అందుకే నీ పోస్టులో గాలి సంగతి ఒక చోట, వరద సంగతి ఇంకో చోట పెట్టకు. కనుమ దగ్గర ఒలాలీ మెడోస్‌లో స్నోటెల్ కేంద్రం ఒకటుంది. మంచు కింద పరుపులాంటి తిత్తి పెట్టి, పైనున్న మంచు బరువును బట్టి అందులో నీళ్లెన్నో లెక్కగడుతుంది. గంటగంటకూ చూడొచ్చు. రాత్రి పదింటికి అక్కడ చలి తగ్గి గాలి వెచ్చబడిందంటే నువ్వు పడుకోబోయే ముందు ఇంకో పోస్టు రాయాలన్నమాట. 2008 డిసెంబరులో సియాటిల్ ఊళ్లోనే మంచు మేట వేసింది. 2009 జనవరి మొదటి వారం చివర్లో వెచ్చటి వాన పట్టుకుంది. కనుమ దారులు మూసేశారు, చెహాలిస్ దగ్గర ఐ-5 హైవే కూడా నీళ్లలో ఉండి మూసేశారు. కూరగాయల లారీలు రాక ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దొరకలేదని మీ అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. వరద గురించి ఆవిడకు గుర్తున్నది అదొక్కటే.

గాలికి వేగం ఒక్కటీ చెబితే చాలదు, ఎటునుంచో చెప్పు. మీ వైపు చలికాలపు గాలివానలు మామూలుగా దక్షిణం నుంచీ నైరుతి నుంచీ వస్తాయి, చెట్ల వేళ్లు ఆ వైపుకే గట్టిపడి ఉంటాయి. 2024 నవంబరు 19న అల్పపీడనం సముద్రం మీదే ఆగి బలపడింది. కొండలకు తూర్పునున్న గాలి కనుమల సందుల్లోంచి పడమటికి దూసుకొచ్చింది. మీ ఇసాక్వా, సమామిష్, బెల్‌వ్యూలోనే చెట్లు ఎక్కువ కూలాయి. ఆరు లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. చెట్లు పడి ఇద్దరు చనిపోయారు. ఆ రాత్రి నువ్వు కొవ్వొత్తి వెలుగులో పెరుగన్నం ఫోటో పెట్టావు, గుర్తుందా? అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

2006 డిసెంబరు 14 రాత్రి సంగతి నీకు తెలియదు, అప్పుడు మేం సియాటిల్ వైపు ఉండేవాళ్లం, నువ్వు ఇక్కడ స్కూల్లో ఉన్నావు. ఆ రోజు సాయంత్రం మన తెలుగువాళ్ల ఈమెయిల్ గ్రూపులో ఒకతను అంచనా రాశాడు. "అర్ధరాత్రి దాటాక గాలి తారస్థాయికి వెళ్తుంది, తెల్లారేసరికి తగ్గిపోతుంది, కంగారు పడొద్దు" అని. గంట తేడా లేకుండా అలాగే జరిగింది. అంత కచ్చితమైన అంచనా నేను నా ఉద్యోగంలో చాలా తక్కువసార్లు చూశాను. ఆ మెయిల్ అక్కడితో ఆగిపోయింది. అదీ అతను చేసిన తప్పు.

తెల్లారింది, గాలి ఆగింది, ఆకాశం తేటపడింది. కరెంటు మాత్రం లేదు. మొత్తం మీద పది లక్షలకు పైగా ఇళ్లు చీకట్లో ఉన్నాయి, కొన్ని చోట్ల వారం దాటింది. గాలివాన వెనకాలే చలి దిగింది. మాకు రెండు బిల్డింగుల అవతల మనవాళ్లే ఒక కుటుంబం ఉండేది, భార్యాభర్తలూ చిన్న పాపా. రెండో రోజు సాయంత్రం ఆయన బాల్కనీలోని బొగ్గుల గ్రిల్ హాల్లోకి తెచ్చి వెలిగించాడు. ఆయన చదువుకోనివాడు కాదు, నాకన్నా పెద్ద డిగ్రీ ఉంది. కానీ వాళ్ల అమ్మమ్మ ఇంట్లో చలికాలం కుంపటి చుట్టూ కూర్చుని పెరిగాడు. ఆ ఇల్లు పెంకుటిల్లు. తలుపు కింద సందు, చూరు దగ్గర సందు, పొగ పోవడానికి వంద దారులు. అమెరికా అపార్ట్‌మెంట్ అలా ఉండదు, చలిగాలి రాకుండా బిగించి కడతారు. పైగా ఆయన కిటికీ సందుల్లో తువ్వాళ్లు కూడా కుక్కాడు.

మర్నాడు పొద్దున్న మీ అత్తయ్య ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వాళ్లింటికి బయలుదేరింది. మాకు క్యాంపింగ్ స్టవ్ ఉండేది, నేను బాల్కనీలోనే పెట్టించేవాణ్ణి, ఆవిడ తిట్టుకుంటూ చలిలో నిలబడి కాచేది. తలుపు తీయడానికి వాళ్లకు చాలాసేపు పట్టింది. ఆ ఇంటావిడకు తలనొప్పి, "రెండు రోజులుగా కాఫీ లేదు కదా వదినా, అందుకే" అంది. ఆయనకీ తలనొప్పి. పాప రాత్రి నుంచీ వాంతులు, బయట తిన్న పిజ్జా పడలేదనుకున్నారు. ఒక్కొక్కరికీ ఒక్కో కారణం దొరికింది, చూశావా? ముగ్గురికీ ఒకేసారి ఎందుకు వచ్చిందని వాళ్లు అడుక్కోలేదు. బొగ్గులు కాలితే వచ్చే, వాసన కూడా లేని విషవాయువు అది, కార్బన్ మోనాక్సైడ్. ఆ పేరు కూడా మీ అత్తయ్యకు అప్పటికి తెలియదు. హాల్లో గ్రిల్ చూసింది, బూడిద చూసింది, పాపను చంకనేసుకుని బయటికి వచ్చేసింది. వాళ్లు వెనకాల అరుస్తూ వచ్చారు. అలా ముగ్గురూ బయటపడ్డారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఆ పాప ఇప్పుడు కాలేజీ అయిపోయి ఉద్యోగం చేస్తోంది.

అందరికీ అలా కలిసిరాలేదు. ఆ వారంలో ఆ వాయువుతో వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో చాలామంది వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లే, చలికి నిప్పు ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లే. అప్పుడు అక్కడి పెద్ద పత్రిక మొదటి పేజీలో "బొగ్గులు ఇంట్లో కాల్చకండి" అని పలు భాషల్లో అచ్చువేసింది. ఆ పేజీ చాలాకాలం దాచాను. అందులో తెలుగు లేదు. మీ అమ్మ నీ సంగతి చెప్పగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ పేజీయే.

కాబట్టి గాలి ఎప్పుడు ఆగుతుందో రాశాక కింద ఇంకో పేరా రాయి. కరెంటు పోతే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు. గ్రిల్ ఇంట్లోకి తేవద్దు, గరాజ్‌లోకీ తేవద్దు, తలుపు తీసి ఉంచినా సరే. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పీ వికారమూ వస్తే ముందు బయటికి రండి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు. ఇది ప్రతి గాలివానకూ రాయి. "మళ్లీ అదే సోదా" అంటారు, అననీ.

వానకూ అంతే. వాన ఆగగానే మనవాళ్లు పిల్లల్ని కార్లో వేసుకుని నది చూడ్డానికి బయలుదేరతారు, ఆ జబ్బు గోదావరి నుంచే పట్టుకొచ్చాం. పైన ఎండ కాస్తుంటుంది, కింద డువాల్ దగ్గర నీళ్లు ఇంకా పెరుగుతుంటాయి. అప్పుడు పెట్టే పోస్టే అన్నిటికన్నా ముఖ్యం. ఏ రోడ్డు మునిగిందో కౌంటీ వాళ్ల పేజీ చూసి రాయి. నీళ్లున్న రోడ్డు మీదికి కారు దించొద్దని రాయి. నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు.

కొన్నిసార్లు నువ్వు చెప్పింది రాదు. అల్పపీడనం వంద మైళ్లు అటో ఇటో జరిగిందంటే గాలంతా కెనడాకు పోతుంది. గ్రూపులో జోకులు వేస్తారు. ఏడవకు, దాచకు కూడా. "రాలేదు, సంతోషం, ఇందుకు రాలేదు" అని మర్నాడు రెండు లైన్లు రాసెయ్యి. చిన్నప్పుడు ముగ్గు తప్పితే చెరిపేసి మొత్తం మళ్లీ మొదలుపెట్టేదానివి, ఆ పట్టుదల నాకిష్టమే కానీ ఇక్కడ పనికిరాదు.

అసలు విషయం చివరికి వచ్చింది. మా అల్లుడు పోయినేడాది జనరేటర్ కొన్నాడట, గరాజ్‌లో పెట్టాడట. మీ అమ్మ గొప్పగా చెప్పింది, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దాన్ని ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటి వైపు కాకుండా అవతలి వైపుకు తిప్పి నడపాలి. కిటికీ కిందా కాదు, గరాజ్ గుమ్మంలోనూ కాదు. మీ దగ్గరున్న ఎక్స్‌టెన్షన్ తీగ పొడవెంతో ఇవాళే కొలవమను. చాలకపోతే ఈ శనివారమే పొడుగుది, బయట వాడేది, కొనండి. ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూసి, బటన్ నొక్కి, ఆ మోత వీడియో తీసి నాకు పంపు. నేను విన్నాకే గ్రూపు మొదలుపెట్టు. నన్ను కూడా అందులో చేర్చు, తప్పులు పడతాను.

మీ మామయ్య
ఖమ్మం