ఇళ్లు అమ్మకానికి తయారు చేసే పని: రాయగడ తండ్రికి జవాబు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. కాగితం మిల్లులో చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి బరంపురంలో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతోంది. అమ్మకానికి పెట్టిన ఇళ్లను సర్ది, ఫొటోలు తీసి, త్వరగా బేరం కుదిరేలా చేయడాన్ని 'హోమ్ స్టేజింగ్' అంటారట. తను అదే చేస్తానంటోంది, బ్యాంకు పరీక్షలు రాయమంటే వినడం లేదు. మా నాన్నగారి పాత ఇల్లు ఊళ్లోనే ఉంది. ఏడాదిగా అమ్మజూపుతున్నా పోవడం లేదు. 'ముందు ఆ ఇల్లు నాకప్పగించండి, అమ్మి చూపిస్తా' అంటోంది. ఇది నిజంగా ఉద్యోగమేనా? ఇల్లు అప్పగించమంటారా?

జవాబు: అప్పగించండి మాస్టారూ. ఏడాదిగా తాళం వేసి ఉన్న ఇల్లు ఇంకో మూడు నెలలు పాప చేతిలో ఉంటే మీకు పోయేదేమీ లేదు. బ్యాంకు పరీక్షలు ఎక్కడికీ పోవు, వచ్చే ఏడాదీ ఉంటాయి.

ఉద్యోగమేనా అంటే, ఆ పేరుతో నెల జీతమిచ్చేవాళ్లు రాయగడలో లేరు, బరంపురంలోనూ నేను చూడలేదు. అమెరికాలో బార్బ్ ష్వార్జ్ అనే ఆవిడ 1972లో మొదలుపెట్టిన పని ఇది. అక్కడ ఇల్లమ్మేవాళ్లు సోఫాలు, మంచాలు అద్దెకు తెప్పించి మరీ గదులు అలంకరిస్తారు, దానికి వేరే ఫీజు ఇస్తారు. మన దగ్గర గోడలకు వెల్ల వేయించడానికే ఇంట్లో రెండు వర్గాలవుతాయి. సర్దిపెట్టినందుకు వేరే డబ్బిమ్మంటే ఎవరిస్తారు? అయితే ఇల్లు అమ్మిపెట్టినవాళ్లకు కమీషన్ ఇవ్వడం మనకు అలవాటే. సాధారణంగా ఒకటి నుంచి రెండు శాతం నడుస్తుంది. సర్దే పనితనాన్ని ఆ కమీషన్ పనిలో కలిపేస్తే బతుకుతెరువు అవుతుంది. లేదంటే సరదాగా మిగిలిపోతుంది.

ఇక్కడి నుంచి కాసేపు అమ్మాయితో మాట్లాడతాను.

అమ్మా, ముందు తాళం తీసి గుమ్మంలో నిలబడు. మూసిన ఇంట్లో మొదట తగిలేది వాసన. ఏడాదిగా నీళ్లు వాడకపోతే బాత్రూమ్ నేలలో ఉండే ట్రాప్‌లో (వాసన పైకి రాకుండా నీరు నిలిచి ఉండే గొట్టపు వంపులో) నీరు ఎండిపోతుంది, డ్రైనేజీ వాసన నేరుగా ఇంట్లోకి వస్తుంది. కొనడానికొచ్చిన ఆవిడ ముక్కు మూసుకుని, 'సెప్టిక్ ట్యాంకు పాడైనట్టుంది' అని భర్త చెవిలో చెప్పిందంటే బేరంలో యాభై వేలు అక్కడే తెగుతాయి. దీనికి ఖర్చేమీ లేదు. వారానికి రెండుసార్లు ప్రతి ట్రాప్‌లో చెంబుడు నీళ్లు పోయి, కిటికీలు గంటసేపు తెరిచి ఉంచు. అగరొత్తులు గుప్పించకు. ఏదో దాస్తున్నారన్న అనుమానమే వస్తుంది.

తర్వాత చెమ్మ. రాయగడ వానలకు పాత శ్లాబులు ఎక్కడో ఒకచోట కారకుండా ఉండవు. గోడ మీద మరక కనిపించగానే పుట్టీ పెట్టి రంగు వేయించాలనిపిస్తుంది. తడి గోడ మీద పుట్టీ నిలవదు, నెలా రెండు నెలల్లో పొక్కులు లేచి రాలుతుంది. మేడ మీదికెళ్లి చూడు. చాలాసార్లు నీళ్లు పోయే గొట్టానికి ఆకులు అడ్డం పడి, శ్లాబు మీద నీళ్లు నిలిచి ఉంటాయి. ముందు అది శుభ్రం చేయించు, పగుళ్లు పూడిపించు, గోడ పూర్తిగా ఆరనివ్వు, ఆ తర్వాతే రంగు. ఇందులో చట్టం మాట కూడా ఉంది. మామూలుగా చూస్తే కనిపించని లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే కొనేవాడికి చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. బాగుచేసి 'ఇక్కడ కారేది, ఇలా సరిచేయించాం' అని బిల్లు చూపించు. మన ఊళ్లో అలా చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి ఆ మాటకు విలువెక్కువ.

హాల్లో తాతగారి ఫొటో దండతో ఉంటుంది. నాన్నగారికి మనసొప్పకపోయినా దాన్ని మీ ఇంటికి తెచ్చుకోండి. వచ్చినవాళ్లు పైకి అనరు గానీ, ఆ దండ చూడగానే 'ఇల్లెందుకు అమ్ముతున్నారో' అని లెక్కలు మొదలెడతారు. దేవుడి గది మాత్రం ఖాళీ చేయకు. తుడిచి, దీపం పెట్టి ఉంచు. అటక మీద ట్రంకుపెట్టెలు, పాత పరుపులు, పగిలిన కూజాలు అన్నీ దించేయ్. అలాగని గదులు బోసిగానూ వదలకు. ఖాళీ గది ఫొటోలో చిన్నదిగా కనబడుతుంది. ఒక్క మంచం, ఒక టేబుల్ ఉంటే తమ సామాను ఎలా పడుతుందో చూసేవాళ్లకు అర్థమవుతుంది. ఫొటోలు పొద్దున్నే తలుపులన్నీ తెరిచి, ఫోన్ అడ్డంగా, ఛాతీ ఎత్తులో పట్టుకుని గది మూల నుంచి తియ్యి. వైడ్ లెన్స్‌తో పది అడుగుల గదిని కల్యాణమండపంలా చూపించకు. వచ్చి చూసినవాళ్లకు నిరాశే మిగులుతుంది.

కారే కుళాయి వాషర్, కిర్రుమనే గడియ, వెలగని బల్బు, ఇవన్నీ ఒక్కరోజు పని. వాస్తు పేరుతో గోడలు మాత్రం పగలగొట్టించకు. కొనేవాళ్ల వాస్తు కొనేవాళ్లదే.

మాస్టారూ, మళ్లీ మీతో. ఇంతవరకూ చెప్పింది ఏ చురుకైన పిల్ల అయినా వీడియోలు చూసి నేర్చుకుంటుంది. మీ అమ్మాయికి నిజంగా బలం ఉన్న చోటు వేరే ఉంది. అందుకే ఈ పని వద్దని చెప్పలేకపోతున్నాను.

మీ ఇల్లు పోకపోవడానికి కారణం గోడలే అని నాకు నమ్మకం లేదు. పట్టా ఇంకా మీ నాన్నగారి పేరునే ఉందా? ఉంటే ముందు వారసుల పేర్ల మీదికి మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, కావాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎందరుంటే అందరి సంతకాలూ కావాలి. పట్టాలో కిసమ్ (భూమి రకం) దగ్గర ఏం రాసుందో చూడండి. 'ఘరబారి', అంటే ఇంటి స్థలం, అని ఉంటే సరే. సాగుభూమిగానే ఉండిపోతే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ కింద తహసీల్దారు దగ్గర మార్పించుకోవాలి. పాత ఇళ్లకు ఇది మామూలు చిక్కే. కొనేవాడు అప్పు తీసుకునేవాడైతే బ్యాంకు లాయరు మొదట పట్టుకునేది దీన్నే. ఇల్లెంత ముద్దుగా ఉన్నా అప్పు ఆగితే బేరం ఆగుతుంది.

దీనికి మించింది ఇంకొకటుంది. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే ఆదివాసీల రక్షణకు రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం. ఇక్కడ అమలయ్యే 1956 నాటి ఒడిశా రెగ్యులేషన్ 2 ప్రకారం ఆదివాసీల భూమి ఆదివాసేతరులు కొనడానికి లేదు. 2002 సవరణతో అది ఇంకా బిగిసింది. మీ పేరున ఉన్నది ఆదివాసేతరుల భూమే అయినా, ఆ రెగ్యులేషన్ అమల్లోకి వచ్చిన 1956 అక్టోబరు 4 తర్వాత అది చేతులు ఎలా మారిందో పాత దస్తావేజుల వరుస చూపించగలగాలి. పార్వతీపురం నుంచో విజయనగరం నుంచో వచ్చే కొనుగోలుదారు ఈ మాట విని బెదిరి వెళ్లిపోతాడు. ఎందుకంటే పట్టా ఒడియాలో ఉంటుంది, అతనికి ఒడియా రాదు. ఏజెంటు 'ఏం ఫర్లేదు' అంటాడు. ఏం ఫర్లేదన్న మాట నమ్మి ఎవరూ ముప్పై లక్షలు పెట్టరు కదా.

మీ అమ్మాయి ఒడియా మీడియంలో చదివి ఉంటుంది, ఇంట్లో తెలుగు, బజారులో రెండూ. ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో పట్టా తీసి, ఖాతా, ప్లాట్, మౌజా (రెవెన్యూ గ్రామం), కిసమ్ ఒక్కొక్కటీ తెలుగులో చదివి చెప్పగలిగితే ఆమె విలువ అక్కడే తెలుస్తుంది. ఒడిశా డిసిమిల్, మన సెంటు ఒకటే కొలత, ఎకరంలో నూరో వంతు, అంటే 435.6 చదరపు అడుగులు. ఆ చిన్న విషయం తెలియక బేరాల్లో గంటలకొద్దీ వాదించుకున్నవాళ్లను చూశాను. ఫొటోలతో పాటు ఒక ఫైలు తయారు చేయించండి. పట్టా, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఆస్తి మీద తాకట్టులు, లావాదేవీలు చూపే పత్రం), ప్లాను, హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటిపన్ను) రసీదు, కరెంటు బిల్లు, వాటి ముందు తెలుగులో ఒక పేజీ వివరం. ఇల్లు త్వరగా పోవాలంటే మన జిల్లాల్లో రంగు కంటే ఈ ఫైలు ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

గిరాకీ లేదనుకోకండి. 2025 జనవరిలో రాయగడ రైల్వే డివిజన్ కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. బదిలీ మీద ఉద్యోగులు వస్తే అద్దె ఇళ్లూ, కొనుగోళ్లూ కదులుతాయి. ఎంత, ఎప్పటికి అన్నది చెప్పే జ్యోతిషం మాత్రం నాకు రాదు.

డబ్బు లెక్క కూడా పాపకు చెప్పండి. నలభై లక్షల ఇంటికి ఒక శాతమంటే నలభై వేలు. వినడానికి బాగుంటుంది గానీ, ఆ బేరం ఆరు నెలలకు కుదిరితే నెలకు ఏడు వేలు కూడా పడదు. మొదటి రెండేళ్లు దీనితో ఇల్లు గడవదు. పక్కనే నిలకడైన పని ఒకటి ఉండాలి. బీకాం ఉంది కాబట్టి ఆడిటర్ దగ్గర జీఎస్టీ రిటర్నుల పనో, హౌసింగ్ లోన్ కాగితాల పనో చూసుకోమనండి. రెండోదైతే ఈ వృత్తికి నేరుగా పనికొస్తుంది.

చట్టం వైపు ఆమె ముందే తెలుసుకోవలసినవి కొన్నున్నాయి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 9వ సెక్షన్ ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టాలంటే ఏజెంటుగా రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ పాత ఇంటిలాంటి విడి ఇళ్లకు ఆ బెడద లేదు. కానీ లేఅవుట్ల జోలికి వెళ్లేనాటికి తీసుకోవాలి. ఇక అడ్వాన్సు 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే ఆదాయపు పన్ను శాఖ అంతే మొత్తం జరిమానా వేయగలదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు ఒక శాతం టీడీఎస్, అంటే అమ్మేవాడికిచ్చే సొమ్ములోంచి ముందే పట్టుకునే పన్ను, కట్టాలి. మన దగ్గర ఏజెంట్లలో సగం మంది ఈ మాటలు ఎత్తరు.

ఒక్క విషయంలో మీరు గట్టిగా ఉండండి. ఇంటర్నెట్‌లో హోమ్ స్టేజింగ్ సర్టిఫికెట్ కోర్సులకు వేలకు వేలు అడుగుతారు. కట్టకండి. డిగ్రీ పరీక్షలయ్యాక విశాఖలోనో భువనేశ్వర్‌లోనో రెరా రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు దగ్గర ఆరు నెలలు పనిచేయనివ్వండి, జీతం తక్కువైనా సరే. ఇల్లు చూపించేటప్పుడు ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ నోరు మూసుకుని వాళ్లను తిరగనివ్వాలో అక్కడే తెలుస్తుంది. ఆడపిల్ల ఒంటరిగా ఖాళీ ఇళ్లు చూపించడం గురించి మీరు రాయలేదు గానీ, మీ మనసులో ఉండే ఉంటుంది. వచ్చేవాళ్ల ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు ముందే తీసుకోవాలి. పగటిపూటే చూపించాలి. మొదట్లో మీరో, ఇంకెవరో వెంట ఉండాలి. రిటైరయ్యారు కదా, ఆ పని మీరే చేయవచ్చు.

మీ నాన్నగారి ఇంటి పట్టా నకలు ఒకటి పంపండి. కిసమ్ ఏముందో చూసి, మ్యుటేషన్‌కు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.