ఆర్థిక మోసాల దర్యాప్తు కొలువులు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బీకాం పూర్తయింది. వయసు 23. ఆర్థిక మోసాలపై దర్యాప్తు చేసే ప్రభుత్వ ఉద్యోగం కావాలి. ‘ఫ్రాడ్ ఇన్వెస్టిగేషన్’ సర్టిఫికెట్ ఉంటే సులువుగా వస్తుందని ఓ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పెద్ద ఫీజే అడుగుతున్నారు. చేరమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. మీరు కోరుకునే పని చేసేది సీబీఐలో సబ్ ఇన్‌స్పెక్టర్లు, ఈడీలో అసిస్టెంట్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్లు, ఆదాయపు పన్ను, జీఎస్టీ శాఖల్లో ఇన్‌స్పెక్టర్లు. వీటన్నింటికీ దారి ఒక్కటే: స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ (కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్) పరీక్ష. ఏ డిగ్రీ అయినా చాలు. ఆ సర్టిఫికెట్‌కు ఇందులో ఒక్క మార్కూ కలవదు. అన్నీ వేతన శ్రేణిలో లెవెల్ 7 పోస్టులే, మూలవేతనం 44,900 రూపాయలతో మొదలవుతుంది. గరిష్ఠ వయసు 30. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంది.

పరీక్ష రెండు దశలు. మొదటిదైన టైర్-1 వడపోత మాత్రమే. ర్యాంకు తేల్చేది టైర్-2లోని పేపర్-1. అందులో లెక్కలు, రీజనింగ్ కలిపి 180 మార్కులు, ఇంగ్లీషు, జనరల్ అవేర్‌నెస్ కలిపి 210. తప్పు జవాబుకు మార్కు కోత. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో రాదు. ఇంగ్లీషు ఒక్కటే 135 మార్కులు కాబట్టి తెలుగు మీడియం వాళ్లు లెక్కల కంటే ముందు దాని మీద కూర్చోవాలి.

కంప్యూటర్ ప్రశ్నలు, టైపింగ్ ర్యాంకులో కలవవు గానీ వాటిలో గట్టెక్కాలి. 15 నిమిషాల్లో 2,000 కీ డిప్రెషన్లు (కీ నొక్కులు) అంటే కష్టమేమీ కాదు. అయినా ‘క్వాలిఫైయింగే కదా’ అని వదిలేసినవాళ్లు అసలు సబ్జెక్టుల్లో మంచి మార్కులున్నా బయటే మిగిలిపోతారు. ఇంటర్వ్యూ లేదు.

అసలు మెలిక పోస్టుల ప్రాధాన్య క్రమంలో ఉంది. ఆప్షన్ ఇవ్వని పోస్టుకు మీ పేరు పరిశీలించరు, ఒకసారి ఇచ్చిన క్రమాన్ని తర్వాత మార్చరు. సీబీఐ, ఈడీ కావాలనుకుంటే స్నేహితుల జాబితా చూసి నింపకండి. ఈ రెండింట్లోనూ సోదాలు, ప్రయాణాలు, కోర్టు వాయిదాలు తప్పవు. వేళకు ఇల్లు చేరాలనుకునేవాళ్లు పన్నుల శాఖను పైన పెట్టుకోవడమే మేలు.

ప్రశ్న: నా ఎత్తు 163 సెంటీమీటర్లు, కళ్లద్దాలు ఉన్నాయి. తహసీల్దార్ ఇచ్చిన బీసీ-డీ సర్టిఫికెట్ ఉంది. సీజీఎల్ పోస్టులకు సరిపోతాయా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: సీబీఐ ఎస్ఐకి పురుషులు 165 సెంటీమీటర్లు ఉండాలి. కొండ ప్రాంతాల వారికి, గిరిజనులకు 5 సెంటీమీటర్ల సడలింపు. మహిళలకు 150 చాలు. మీకు ఆ పోస్టు కుదరదు. ఈడీ పోస్టుకు, ఆదాయపు పన్ను ఇన్‌స్పెక్టర్‌కు నోటిఫికేషన్‌లో ఇలాంటి కొలతలు పెట్టలేదు. జీఎస్టీ ఇన్‌స్పెక్టర్‌కు 157.5 చాలు గానీ, 1,600 మీటర్లు 15 నిమిషాల్లో నడిచి చూపాలి. ఇక అద్దాల సంగతి: సీబీఐలో సైతం అద్దాలతో ఒక కంట 6/6, రెండో కంట 6/9 చూపు ఉంటే ఒప్పుకుంటారు.

సర్టిఫికెట్ విషయంలోనే జాగ్రత్త. రాష్ట్రం ఇచ్చే బీసీ-డీ పత్రం కేంద్రంలో చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం, నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీల లోపు తీసుకున్నది కావాలి. దానికంటే ముందు మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్రంలో లేని కులాలున్నాయి. అలాంటివారు ఆదాయ, ఆస్తి పరిమితులకు లోబడితే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాలు) కింద దరఖాస్తు చేయొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు, కొన్ని తహసీల్దార్ కార్యాలయాల్లోనూ వివరించి చెప్పాల్సి వస్తుంది. ఈడబ్ల్యూఎస్‌కు వయసు సడలింపు మాత్రం లేదు.

ప్రశ్న: ఊళ్లో పొలం గట్టు తగాదాలో నా మీద కేసు పెట్టారు. లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఉద్యోగానికి ఎంపికైతే నింపే అటెస్టేషన్ ఫారంలో రాయాలా?
– పేరు వద్దన్న పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: రాయండి. అడిగిన ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు రాసి, రాజీ ఉత్తర్వు నకలు జతచేయండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్నపాటి కేసును దాచినా దాన్ని తీవ్రతను బట్టి క్షమించే విచక్షణ యజమానికి ఉందని చెప్పింది. విచక్షణ వాళ్లది, హక్కు మీది కాదు. పోలీసు విచారణలో ఆ కేసు ఎలాగూ బయటపడుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి సీఏ. సీజీఎల్ రాయకుండా దారి లేదా? ఏసీబీలో అయినా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఏసీబీకి వేరే పరీక్ష లేదమ్మా, దర్యాప్తు అధికారులు ప్రధానంగా పోలీసు శాఖ నుంచే వెళ్తారు. మీ అమ్మాయికి తగినది కార్పొరేట్ వ్యవహారాల శాఖ కింది ఎస్ఎఫ్ఐఓ (సీరియస్ ఫ్రాడ్ ఇన్వెస్టిగేషన్ ఆఫీస్). సత్యం కంప్యూటర్స్ వ్యవహారాన్ని 2009లో సీబీఐతో పాటు ఇదీ దర్యాప్తు చేసింది. హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. రెగ్యులర్ పోస్టులు ఎక్కువగా డెప్యుటేషన్ మీద, అంటే వేరే శాఖల ఉద్యోగులతో నింపుతారు కాబట్టి, బయటివాళ్లకు ముందుగా దొరికేది సీఏ, కాస్ట్ అకౌంటెన్సీ, న్యాయ పట్టభద్రులకు ఇచ్చే కాంట్రాక్టు కొలువు. అది పర్మనెంట్ కాదని తెలిసే చేరాలి. సీఏల సంస్థ ఐసీఏఐ తన సభ్యులకు నడిపే ఫోరెన్సిక్ అకౌంటింగ్ (లెక్కల్లో మోసాలు పట్టే) కోర్సు అర్హత కోసం కాకపోయినా పని నేర్చుకోవడానికి పనికొస్తుంది.