తుఫాను 15 రోజుల ముందే తెలిస్తే మాకేం ఒరుగుతుంది?

అడిగిన ప్రశ్న ఇది: "గూగుల్ వాళ్ల ఏఐ 15 రోజుల ముందే తుఫాను సంగతి చెప్పేస్తోందట, ఇక మన వాతావరణ శాఖ దేనికి? అక్టోబరు చివర్లో పలాసలో మా గృహప్రవేశం ఉంది, ఆ ఏఐ సైటు చూసి తేదీ మార్చుకోవచ్చా?"

గృహప్రవేశం సంగతి ముందు తేల్చేద్దాం. తేదీ మార్చకండి. మన తీరానికి అక్టోబరు అంటేనే తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న వచ్చింది, మరుసటేడు హుద్‌హుద్ సరిగ్గా అదే తేదీన వచ్చింది, 2018లో తిత్లీ 11న, 2025లో మొంథా 28న. వీటన్నిటికీ భయపడితే పంతులుగారు అక్టోబరులో ముహూర్తాలే పెట్టకూడదు. షామియానా వాళ్లకు అడ్వాన్సు తక్కువిచ్చి, అవసరమైతే భోజనాలు ఇంట్లోనే పెట్టుకునే ఏర్పాటు ఒకటి చూసుకుని, నాలుగు రోజుల ముందు నుంచి ఐఎండీ (మన వాతావరణ శాఖే) బులెటిన్ చూడండి. చాలు.

ఇక "వాతావరణ శాఖ దేనికి" అన్న ముక్క. ఈమధ్య ఈ మాట చాలామంది నోట వింటున్నాను, ఎక్కువగా హైదరాబాద్‌లో ఏసీ గదుల్లో ఉన్నవాళ్ల నోట. నాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో, పలాస పక్కనే, చిన్న మొబైల్ షాపు. సొంతూరు వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి దగ్గర. కొబ్బరి, జీడి తోట ఉండేది. వాతావరణ శాస్త్రం నేనేం చదవలేదు గానీ తిత్లీని ఊళ్లో ఉండి చూశాను, ఆ తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. కాబట్టి చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

ఆ 15 రోజుల కథేంటంటే, 2025 జూన్‌లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్లు వెదర్ ల్యాబ్ అని ఒక సైటు పెట్టారు. తుఫాను ఎక్కడ పుట్టొచ్చు, ఎటు పోవచ్చు అని 15 రోజుల వరకు 50 రకాలుగా గీసి చూపిస్తుంది. 50 రకాలుగా! అంటే ఒక గీత చెన్నై వైపు, ఒకటి పారాదీప్ వైపు, ఇంకోటి బంగ్లాదేశ్ వైపు, కొన్ని సముద్రంలోనే ఆరిపోయేవి. శాస్త్రం తెలిసినవాడికి అది మంచి పనిముట్టు, కాదనను. కానీ యూట్యూబ్‌లో ఉన్న మన కుర్ర వాతావరణ పండితులు ఏం చేస్తారంటే, ఆ 50 గీతల్లో అన్నిటికంటే భయంకరంగా ఉన్నదాన్ని ఏరుకుని, దానికి ఎర్ర బాణం తగిలించి, "ఉత్తరాంధ్రకు పెను ముప్పు" అని థంబ్‌నెయిల్ పెడతారు. ఇది ప్రయోగం మాత్రమే, హెచ్చరికలకు మీ దేశపు వాతావరణ సంస్థనే చూడండి అని సైటు పెట్టినవాళ్లే చెప్పారు. ఆ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

పైగా ఏఐ అన్నది గాల్లోంచి ఊడిపడలేదు. 2023లో వచ్చిన గూగుల్ వాళ్ల వాతావరణ ఏఐ గ్రాఫ్‌కాస్ట్‌కి 1979 నుంచి 2017 దాకా ఉన్న వాతావరణ రికార్డంతా నేర్పారు. పది రోజుల అంచనా నిమిషంలోపే ఇచ్చేస్తుంది, నిజంగా గొప్ప విషయమే. కానీ ఆ అంచనా మొదలుపెట్టాలంటే ఈరోజు ఎక్కడ ఎంత గాలి, ఎంత ఒత్తిడి, ఎంత తేమ ఉందో దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ చెప్పేది ఉపగ్రహాలు, బెలూన్లు, సముద్రంలో తేలుతూ కొలతలు పంపే బోయ్ పరికరాలు, నౌకలు, మన కళింగపట్నం లాంటి చోట్ల ఉన్న అబ్జర్వేటరీలు. 2024 ఫిబ్రవరిలో ఇన్సాట్-3డీఎస్ ఉపగ్రహాన్ని పంపింది అందుకే. తుఫాను తీరానికి దగ్గరపడ్డాక చూడటానికి విశాఖ కైలాసగిరి మీద, ఒడిశాలోని గోపాలపూర్‌లో రాడార్లున్నాయి. వీటిలో చాలావాటికి జీతాలు, రిపేర్లు ప్రభుత్వాలే భరిస్తాయి. అవి మూసేసి ఏఐ ఒక్కటీ ఉంచుకుంటామనడం, గేదెను అమ్మేసి పెరుగు కుండ ఉంచుకుంటామన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు తిత్లీ సంగతి. దీనికోసమే ఈ జవాబు రాయడం మొదలుపెట్టాను.

2018 అక్టోబరు 10 సాయంత్రానికే మాకు కబురుంది. ఫోన్లకు మెసేజీలు వచ్చాయి, ఆటోలో మైకు పెట్టి తిరిగారు. గోపాలపూర్, కళింగపట్నం మధ్య తీరం దాటుతుంది, గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి అన్నారు. మా ఊరు సరిగ్గా ఆ రెండింటి మధ్యే. హెచ్చరిక రాలేదని మాత్రం మావాళ్లెవరూ అనలేరు. మా నాన్న ఏమన్నాడంటే, "పైలిన్‌కీ ఇలాగే మైకుల్లో సెప్పినారు. కాయలు రాలాయి, నాలుగు సెట్లు పడ్డాయి. దీనికీ అంతే." అమ్మ ఊరుకోలేదు, రేకుల ఇంట్లో పడుకునేది లేదని బియ్యం, మిగిలిన జీడిపిక్కల బస్తాలు అన్నీ పెదనాన్న డాబా ఇంటికి మోయించింది. రాత్రికి మూడు కుటుంబాలం ఒకే హాల్లో ఉన్నాం.

అర్ధరాత్రి దాటాక గాలి పెరిగింది. అది ఈల కాదు, హోరు కాదు, ఇంటి మీద లారీ తిరుగుతున్నట్టే ఉంది. తలుపుకి మంచం అడ్డం పెట్టి మగవాళ్లం వంతులవారీగా వీపు ఆనించి కూర్చున్నాం. బయట కొబ్బరి చెట్లు విరుగుతుంటే ఫట్‌మని ఒక్కో చప్పుడు, మొదట్లో అది ఎవరి చెట్టో అనుకునేవాళ్లం, తర్వాత ఆ చప్పుళ్లు కలిసిపోయాయి. తెల్లవారుజామున ఉన్నట్టుండి గాలి ఆగింది. పూర్తిగా ఆగింది. మా చిన్నాన్న ఆవుల్ని చూసొస్తానని గడియ తీయబోయాడు. పెదనాన్న కుర్రతనంలో వేట పడవల మీద తిరిగిన మనిషి, "కూర్సోరా, ఇంకా సగమే అయింది" అని కసిరి కూర్చోబెట్టాడు. మరి కాసేపటికి గాలి దక్షిణం నుంచి తిరగబడింది. అంతవరకూ ఉత్తరపు గాలికి వంగి ఉన్న చెట్లన్నీ అప్పుడు పోయాయి. ఆ ఆగిన కాసేపు మా మీద నుంచి తుఫాను కన్ను, అంటే నడిమధ్యన గాలి ఉండని భాగం, దాటిందని నాకు తర్వాత తెలిసింది. తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే, తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య. మైకులో, మెసేజీల్లో ఎక్కడా "గాలి ఆగితే బయటికి రాకండి, మళ్లీ వస్తుంది" అన్న ఒక్క మాట లేదు. మా చిన్నాన్న ప్రాణం నిలిపింది సూపర్ కంప్యూటర్ కాదు, పెదనాన్న.

తెల్లారాక తలుపు తీస్తే పక్కూరి వాటర్ ట్యాంకు కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మా వాకిట్లోంచి అది కనపడటం ఎప్పుడూ చూడలేదు, అడ్డంగా తోటలుండేవి. కొబ్బరి నడిమికి విరిగింది, జీడి వేళ్లతో సహా లేచి పడింది. మా నాన్న అడిగిందొకటే, "నూటయాభై అంటే ఇదేటిరా? ముందే సెప్పొచ్చు కదా."

చెప్పారు నాన్నా, అంకె చెప్పారు. గంటకు 150 అంటే ఆయనకు బస్సు వేగంలాగే వినపడింది, "చెట్టు నిలబడదు, స్తంభం నిలబడదు, వారాల తరబడి కరెంటుండదు" అని వినపడలేదు. ఐఎండీ బులెటిన్ అడుగున నష్టం ఎలా ఉండొచ్చో, ఏం జాగ్రత్త పడాలో ఒక పేరా రాస్తారు, పూరిళ్లు, స్తంభాలు, తోటలు అంటూ. టీవీ వాళ్లు దాన్ని వదిలేసి, గొడుగు తిరగబడిన రిపోర్టర్‌ని చూపిస్తారు.

ఇంకో సంగతి, కళింగపట్నం. తిత్లీకి గోపాలపూర్, కళింగపట్నం మధ్య అన్నారు. మొంథాకి మచిలీపట్నం, కళింగపట్నం మధ్య కాకినాడ దగ్గర అన్నారు, చివరికి నరసాపురం దగ్గర దాటింది. ఎప్పుడూ మా జిల్లాలోని ఈ ఊరి పేరు ఏదో ఒక చివర ఉంటుంది, కాబట్టి ప్రతిసారీ మేం రెడీ, ప్రతిసారీ మరబోట్లు, తెప్పలు ఒడ్డుకే. ఐఎండీని తప్పుపట్టడం లేదు, తుఫాను ఎక్కడుంటుందని 24 గంటల ముందు చెప్పే చోటుకీ అది అసలు ఉన్న చోటుకీ తేడా ఇప్పుడు సగటున 70, 80 కిలోమీటర్లకు తగ్గింది, పాతరోజులతో పోలిస్తే చాలా నయం. కానీ మాకు ఆ 80 కిలోమీటర్లంటే ఇచ్ఛాపురం నుంచి పలాస దాటిపోయినంత దూరం. తోట ఉండటం, తోట పోవడం ఆ దూరంలోనే ఉంది. ఏఐ వల్ల నిజంగా లాభం జరిగితే ఇక్కడ జరగాలి. తొలితరం ఏఐ మోడళ్లు తుఫాను దారి బాగా పట్టాయి గానీ గాలి బలం తక్కువ చూపించాయి, ఎందుకంటే వాటికి నేర్పిన పాత రికార్డు భూమిని గళ్లుగా విడగొట్టి రాసింది, అందులో ఒక్కో గడి దాదాపు 30 కిలోమీటర్లు, కన్ను చుట్టూ ఉండే గట్టి గాలంతా అందులో సగటైపోతుంది. కొత్తవాటికి పాత తుఫాన్ల వివరాలు విడిగా నేర్పారు కాబట్టి మెరుగయ్యాయి. మనవాళ్లూ ఊరికే లేరు, 2025 మేలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అని కొత్త అంచనా వ్యవస్థ తెచ్చారు, గడి 12 నుంచి 6 కిలోమీటర్లకు తగ్గింది.

అంతేగానీ 15 రోజులు దేనికి? కొబ్బరి చెట్టుని పీకి షెల్టర్‌లో పెడతామా? అక్టోబరులో వరి వెన్ను మీద ఉంటుంది, కోసేద్దామన్నా గింజ ఉండదు. మనుషుల్ని తరలించడానికి, పడవలు పైకి లాగడానికి రెండు మూడు రోజులు గట్టి సమాచారం ఉంటే చాలు. పదిహేను రోజుల ముందు నుంచీ "రావొచ్చు, రాకపోవచ్చు" అంటూ ఉంటే నష్టం వేటకి వెళ్లేవాడికే. బారువలోనో భావనపాడులోనో అడగండి, వేట లేని రోజుకి వాళ్లింట్లో ఎవరు బియ్యం పోస్తున్నారో.

తుఫాను వెళ్లాక కథ ఇంకా అన్యాయం. ఊళ్లో టవర్లు పడుకున్నాయి, బ్యాటరీలు కొద్ది గంటలకే అయిపోయాయి. షాపులో జనరేటర్ పెట్టి వచ్చినవాళ్లందరికీ ఛార్జింగ్ ఇచ్చాను (బయట కొందరు ఫోనుకింత అని వసూలు చేశారు, ఆ పేర్లు ఇక్కడ ఎందుకులెండి). ఫోన్లు నిండాయి, సిగ్నల్ లేదు. నష్టం లెక్కకు వచ్చిన సిబ్బంది పడిన ప్రతి చెట్టుకీ యాప్‌లో ఫొటో ఎక్కాలన్నారు, యాప్‌కి నెట్ కావాలి, నెట్‌కి టవర్ కావాలి. రోడ్డు కోసం కోసి తొలగించిన చెట్లకి ఫొటో లేదు కాబట్టి అవి పడనట్టే లెక్క. మిగతావి ఫొటో అయ్యేవరకు ముట్టుకోకూడదని మా నాన్న తోటలోకే పోవడం మానేశాడు. తిరిగి నాటిన కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు.

ఇప్పుడు ఫోన్లన్నీ ఒకేసారి గట్టిగా మోగే హెచ్చరికలు తెస్తున్నారు, విపత్తు హెచ్చరికలకు సచేత్ యాప్ ఉంది, మంచిదే, దింపుకోండి. అవి మోగాలన్నా టవర్ బతికుండాలి. మొంథా రావడానికి ముందు మా ఊరి టవర్ చూసుకునే కుర్రాణ్ని జనరేటర్‌లో డీజిల్ ఉందా అని అడిగాను. జనరేటర్ ఎప్పుడో వేరే సైటుకి తీసుకెళ్లిపోయారన్నా అన్నాడు.