బీపీ, షుగర్ మందులు మానేయడంపై థీసిస్: చాట్‌జీపీటీ ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వద్దు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ నర్సింగ్, కమ్యూనిటీ హెల్త్ చదువుతున్నాను. బస్తీల్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మందులు మధ్యలో ఎందుకు ఆపేస్తారన్నది నా థీసిస్. ఏఐ ముట్టుకోవద్దని మా గైడ్ మేడం అంటున్నారు. సీనియర్లేమో సినాప్సిస్ నుంచి డేటా దాకా అన్నీ దాంతోనే కానిచ్చేశామంటున్నారు. చదువుకోవడానికైనా వాడొచ్చా?

జవాబు:

వాడొచ్చు. అయితే మీ సీనియర్లు వాడిన పనులకు మాత్రం వద్దు. నేను నగరంలోని ఒక మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ చెబుతాను. పీజీల థీసిస్‌లు చూస్తాను. నర్సింగ్ పిల్లలు కూడా ఫీల్డ్ పోస్టింగ్‌కు మా దగ్గరకే వస్తారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ వాదన రెండు వైపులా వింటూనే ఉన్నాను.

‘డేటా దాకా’ అన్నారు కాబట్టి ముందు ఆ సంగతి. ఇంటింటికీ తిరగకుండా ఏఐ చేత ఎక్సెల్ షీటు నింపిస్తే దాన్ని దొంగ డేటా అంటారు. వెనకటికి హాస్టల్ గదిలో కూర్చుని చేత్తో ఫారాలు నింపేవాళ్లు, ఇప్పుడు ఆ చాకిరీ కూడా తప్పింది, అంతే తేడా. పైగా దొరికిపోతుంది. చేత్తో బీపీ చూసేటప్పుడు మనం తెలియకుండానే చివరి అంకెను సున్నాకు లాగుతాం. 130, 140, 150 ఎక్కువగా కనిపిస్తాయి. పాదరసం మిషన్ మీద గీతలు రెండేసి అంకెలకు ఉంటాయి, కాబట్టి దానిలో 137, 143 అసలు రాకూడదు. అల్లిన పట్టికలో చివరి అంకెలన్నీ సమానంగా పంచి పెట్టినట్టు ఉంటాయి. ఇలాంటిది ఎదురైతే నేను వైవాలో ఒకటే అడుగుతాను: బీపీ ఏ మిషన్‌తో చూశావు? ఆ తర్వాత పెద్దగా మాట్లాడాల్సిన అవసరం ఉండదు.

ఇక చదువు. అమెరికా మెడికల్ లైసెన్సింగ్ పరీక్ష ప్రశ్నలిస్తే చాట్‌జీపీటీ మూడు దశల్లోనూ పాస్ మార్కుల దగ్గరకు వచ్చిందని 2023లో ఒక అధ్యయనం వెలువడింది. మా స్టాఫ్ రూములో కొన్నాళ్లు అదే చర్చ. నాకంత ఆశ్చర్యం కలగలేదు. ఆ పరీక్షలో రోగి వయసు, లక్షణాలు, అలవాట్లు, రిపోర్టులు అన్నీ ఒక పేరాలో రాసి చేతికిస్తారు. బస్తీలో ఆ పేరా ఎవరూ రాసివ్వరు, మనమే రాబట్టుకోవాలి. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ సిలబస్‌లో ఏట్‌కామ్ పేరుతో నడవడిక, నైతికత, సంభాషణ నేర్పే మాడ్యూల్ పెట్టడానికి ఇదీ ఒక కారణం. మీ థీసిస్ అంశం మొత్తం ఈ రాబట్టుకోవడం మీదే నడుస్తుంది.

ఒకటి చెబుతాను. మా ఫీల్డ్ ఏరియాలో ఒక పెద్దావిడ నెలనెలా బస్తీ దవాఖానాలో బీపీ గోలీలు తీసుకుంటున్నట్టు రిజిస్టరులో పక్కాగా ఉంది. ఇంటికెళ్లి అడిగితే ‘మంచిగనే ఉన్న మేడం, రోజూ ఏసుకుంటున్న’ అంది. బీపీ చూస్తే ఏమాత్రం దిగలేదు. నాతో వచ్చిన పీజీ అప్పటికే ఉప్పు తగ్గించాలంటూ కౌన్సెలింగ్ మొదలుపెట్టాడు. ఈలోగా చాయ్ తెచ్చిన కోడలు ‘గోలీలన్నీ బియ్యం డబ్బాల ఉన్నయ్ మేడం’ అని బయటపెట్టేసింది. తీసి చూస్తే స్ట్రిప్పులకు స్ట్రిప్పులు. ఊళ్లో ఉన్న చెల్లెకు పంపుతోందట. అక్కడ మందులు దొరకక కాదు. భర్త పోయాక ఆ చెల్లె దవాఖానాకు వెళ్లడమే మానేసింది, అక్క పంపితేనన్నా వేసుకుంటుందని ఈవిడ ఆశ. మరి మీరు ఎందుకు వేసుకోవడం లేదమ్మా అంటే, ఇద్దరికీ సరిపోవు కదా అంది.

ఈ మాటను అవగాహన లోపం అన్న గడిలో వేయగలరా? ఏఐ అయితే వేసేస్తుంది. ఇంటర్వ్యూలు ఇచ్చి ‘థీమ్స్ తీయి’ అని అడగండి, అవగాహన లోపం, ఖర్చు, సైడ్ ఎఫెక్టులు, మతిమరుపు, కుటుంబ మద్దతు కరువు అంటూ జాబితా ఇస్తుంది. ఇంటర్వ్యూలు ఇవ్వకుండా అడిగినా ఇంచుమించు అదే జాబితా వస్తుంది. ఒకసారి ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి మీ గైడ్‌కు చూపించండి, వాళ్ల భయం ఏమిటో మీకూ అర్థమవుతుంది. ఇప్పటికే ప్రచురితమైన వేల పేపర్లలో ఉన్న మాటలే అది మళ్లీ చెబుతుంది. బియ్యం డబ్బా వాటిలో ఉండదు. మీ థీసిస్‌లో పనికొచ్చే కొత్త విషయం ఏదైనా ఉందంటే అది ఆ డబ్బాలాంటి చోటే ఉంటుంది.

నేను వాడమనేది ఇంకోలా. దాన్ని రోగి వేషం వేయమనండి. మామూలుగా రోగిగా నటించమంటే అది మరీ మంచి రోగి అయిపోతుంది, ఒక్క ప్రశ్నకే పుట్టుపూర్వోత్తరాలు అన్నీ అప్పగిస్తుంది. అందుకే షరతులు పెట్టాలి. నేను పీజీలకు ఇచ్చేది దాదాపు ఇలా ఉంటుంది: ‘నువ్వు అరవై దాటిన ఆడమనిషివి. బోరబండలో కొడుకు, కోడలితో ఉంటావు. బీపీ గోలీలు మానేశావు, ఆ సంగతి నర్సుకు చెప్పవు. మానేసిన కారణం ఒకటి నువ్వే అనుకో, నాకు ముందుగా చెప్పకు. అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబివ్వు. నేను తప్పుపట్టినట్టు మాట్లాడితే అంతా మంచిగనే ఉంది అని తప్పించుకో. నేను ఆపు అన్నాక, నా ప్రశ్నల్లో ఏవి నీ నోరు మూయించాయో చెప్పు.’

ఈ ఆఖరి వాక్యమే అసలు పని చేస్తుంది. మనవాళ్ల ప్రశ్నల్లో సగం ‘కదా’తో ముగుస్తాయి. రోజూ వేసుకుంటున్నారు కదా? ఉప్పు తగ్గించారు కదా? అలా అడిగితే ఎవరైనా అవుననే అంటారు, టీచరమ్మ ముందు నిలబడ్డట్టు ఉంటుంది వాళ్లకు. ‘చాలామందికి ఒక్కోరోజు గోలీ వేసుకోవడం కుదరదు. పోయిన వారంలో మీకు ఎన్ని రోజులు కుదరలేదు?’ అని అడిగి చూడండి, జవాబు మారుతుంది. ఈ తేడా క్లాసులో చెబితే తల ఊపుతారు. రాత్రి ఫోన్‌లో ఆ మొండి రోగితో నాలుగు మాటలాడి విసిగిపోతే అప్పుడు ఎక్కుతుంది. అసలు మనుషుల మీద ప్రాక్టీస్ చేసి వాళ్ల ఓపిక పరీక్షించే కన్నా ఇది నయం. అయితే దాని తెలుగు పుస్తకాల తెలుగే. యాసలో మాట్లాడమంటే ఇంకా ఘోరం, నవ్వొస్తుంది. ఫీల్డుకు వెళ్లకుండా దీంతోనే సరిపెట్టుకోవచ్చని మాత్రం అనుకోకండి.

సిద్ధాంతాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. హెల్త్ బిలీఫ్ మోడల్ 1950లలో అమెరికాలో పుట్టింది. టీబీ పట్టుకోవడానికి ఉచితంగా ఎక్స్‌రే తీస్తామన్నా జనం ఎందుకు రావడం లేదన్న ప్రశ్న దగ్గర మొదలైంది. ఉచిత గోలీలు ఇచ్చినా ఎందుకు ఆపుతారన్న మీ ప్రశ్నకు అది చుట్టమే. కానీ అది మనిషి మనసులోని నమ్మకాల చుట్టూ తిరుగుతుంది. 2011లో సుసాన్ మిచీ బృందం ఇచ్చిన కామ్-బీ నమూనా చేయగల సామర్థ్యం, అవకాశం, ప్రేరణ అని మూడింటినీ చూస్తుంది. నా ఉద్దేశంలో బస్తీకి ఇదే నప్పుతుంది, ఎందుకంటే ఇక్కడ చిక్కు చాలాసార్లు అవకాశం దగ్గరే ఉంటుంది. పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడే మనిషికి పని దొరికితే పగలు దవాఖానా తెరిచి ఉన్న సమయంలో రాలేడు. దొరకకపోతే వస్తాడు. అంటే చేతిలో కూలి డబ్బు ఉన్న వారమే గోలీలు ఉండవు. ఇంకొకరికి ఈ నెల గోలీ తెల్లగా, పోయిన నెల గులాబీ రంగులో వచ్చింది. కంపెనీ మారింది, మందు అదే. వాళ్లు మాత్రం వేరే మందు ఇచ్చారనుకుని పక్కన పెట్టేస్తారు. మీ ఇంటర్వ్యూలకు ముందుగా మీరే చేత్తో కోడింగ్ చేయండి (అంటే ఏ మాట దేని గురించో పేరు పెట్టి విడదీయడం), వీలైతే ఇంకొకరితో విడిగా చేయించండి. అంతా అయ్యాక ఏఐని అడగండి, ‘నేను చెప్పినదానికి విరుద్ధంగా ఎవరు మాట్లాడారు?’ అని. ఆ ఒక్క ప్రశ్నకు అది బాగా ఉపయోగపడుతుంది.

లెక్కల దగ్గర మోసపోయేది ఎక్కువగా శాంపిల్ సైజులో, అంటే ఎంతమందిని అడగాలన్న లెక్కలో. మన 4పీక్యూ బై డీ స్క్వేర్ సూత్రమే తీసుకోండి. పీ అంటే మానేసేవాళ్ల శాతం, క్యూ మిగతావాళ్ల శాతం, డీ మనం ఒప్పుకునే పొరపాటు. మందులు మానేసేవాళ్లు 40 శాతం అనుకుంటే, 10 శాతం పొరపాటును రిలేటివ్‌గా, అంటే ఆ 40లో 10 శాతంగా తీసుకుంటే డీ విలువ 4, శాంపిల్ 600 వస్తుంది. అబ్సల్యూట్‌గా, అంటే డీ నేరుగా 10 అని తీసుకుంటే 96 వస్తుంది. ఏఐ మిమ్మల్ని అడగకుండానే రెంటిలో ఒకటి ఎంచుకుని ధీమాగా రాసిచ్చేస్తుంది. ఎంచుకోవాల్సింది మీరు, ఎందుకో చెప్పాల్సిందీ మీరే.

రిఫరెన్సులు లేనివి సృష్టిస్తుందని ఇప్పటికే విని ఉంటారు. ప్రతిదీ పబ్‌మెడ్‌లో, అంటే వైద్య పేపర్లు వెతికే సైటులో, తెరిచి చూడాల్సిందే. అంతకన్నా తక్కువమందికి తెలిసిన ప్రమాదం స్కేళ్లు. మందులు సరిగా వేసుకుంటున్నారా అని కొలిచే మోరిస్కీ ఎనిమిది ప్రశ్నల స్కేలు అడిగితే చేతిలో పెట్టేస్తుంది, కావాలంటే తెలుగులోకి మార్చి మరీ ఇస్తుంది. దానికి లైసెన్సు ఉంది. అనుమతి లేకుండా వాడినందుకు పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు. ఇక ఏ స్కేలైనా ఏఐ తెలుగు చేసింది కదా అని వాడకండి. ఇద్దరితో తెలుగు చేయించి, ఇంగ్లిష్ మూలం చూడని ఇంకొకరితో మళ్లీ ఇంగ్లిష్ చేయించి, నలుగురైదుగురు బస్తీ మనుషులకు చదివి ‘మీకేం అర్థమైంది’ అని అడగాలి. ఈ మెట్టుకు షార్ట్‌కట్ లేదు.

మీ గైడ్ మేడం భయపడేది బహుశా రోగుల వివరాల గురించి. అందులో ఆమెదే న్యాయం. రికార్డింగులు, పేర్లున్న నోట్సు, కేస్ షీట్ల ఫోటోలు బయటి చాట్‌బాట్‌లో పెట్టకండి. పేరు తీసేశాను కదా అంటే చాలదు. ఫలానా గల్లీలో కిరాణా కొట్టు నడిపే, షుగర్ వల్ల కాలు తీసేసిన ఆయన అని రాస్తే బస్తీ మొత్తం గుర్తుపడుతుంది. వైద్యంలో, వైద్య పరిశోధనలో ఏఐ వాడకంపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చిందీ అదే ఏడాది. మాటను రాతగా మార్చే టూల్ వాడదలిస్తే ఆ సంగతి సమ్మతి పత్రంలో తెలుగులోనూ, ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఉర్దూలోనూ ఉండాలి. ఆ రాతను రికార్డింగ్ వింటూ సరిచూసుకోవాలి కూడా. సగం తెలుగు, సగం ఉర్దూ కలిపి మాట్లాడే మన జనం మాటను అది శుభ్రం చేసి పారేస్తుంది, మధ్యలో ఆగి నీళ్లు నమిలింది రాయదు.

సమ్మతి అంటే గుర్తొచ్చింది. 1897లో ఇదే ఊళ్లో, బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారంటారు. ఎథిక్స్ కమిటీలు లేని కాలం కాబట్టి నడిచింది. రాస్‌కు నోబెల్ వచ్చింది, హుసేన్ ఖాన్ పేరు మా విద్యార్థుల్లో ఎవరికీ తెలియదు.

గైడ్‌తో వాదనకు దిగకండి. ఒక పేజీ రాసి ఇవ్వండి: ఏ పనికి వాడతాను, ఏ పనికి వాడను, రోగి సమాచారం ఎక్కడ ఉంటుంది. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ 2023లోనే తేల్చింది, ఏఐని రచయితగా పెట్టకూడదు, వాడితే ఎక్కడ వాడారో చెప్పాలి అని. కాబట్టి థీసిస్‌లో పరిశోధన ఎలా చేశారో చెప్పే మెథడ్స్ భాగంలో ఒక వాక్యం చాలు: ‘ఇంటర్వ్యూ ప్రశ్నల సాధనకు, భాష దిద్దుకోవడానికి ఫలానా ఏఐ టూల్ వాడాను. కోడింగ్, విశ్లేషణ పరిశోధకురాలే చేసింది.’ ఇలా కాగితం మీద ఉంటే చాలామంది గైడ్‌లు మెత్తబడతారు, వాళ్ల టెన్షన్ అంతా రేపు ఎవరైనా అడిగితే సంతకం తమదని.

ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు ఇంకా పెట్టకపోతే ఈ పేజీని దానికే జత చేయండి. ఆమోదం వచ్చాక చేర్చాలంటే సవరణ పెట్టుకుని మళ్లీ మీటింగ్ దాకా ఆగాలి, ఈలోపు మీ డేటా సేకరణ గడువు కరిగిపోతుంది.