టెక్ సందేహాలు: వైరస్ సోకితే కణాన్నే బలిచ్చే యాంటీవైరస్

ప్రశ్న: బ్యాక్టీరియాలోనూ యాంటీవైరస్ ఉంటుందని, వైరస్ చొరబడితే అది ఆ కణాన్నే చంపేస్తుందని చదివాను. కంప్యూటర్‌లో అయితే పాడైన ఫైలును మాత్రమే పక్కన పెడతారు కదా! ఇంత మొరటు డిజైన్ ఎందుకు?

జవాబు: ఈ ప్రశ్న తరచూ వస్తోంది, ప్రతిసారీ అదే పొరపాటుతో వస్తోంది. మీరు ఒక్క కణాన్నే సిస్టమ్ అనుకుంటున్నారు. ఫేజ్, అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్, పట్టిన కణం ఎలాగూ దక్కేది కాదు. దక్కించుకోవలసింది దాని చుట్టూ ఉన్న వేలాది తోబుట్టువులను. సోకిన యంత్రం ప్లగ్ పీకి నెట్‌వర్క్‌ను కాపాడడాన్ని మొరటుతనమని ఎవరూ అనరు.

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో రోటెమ్ సోరెక్ బృందం 2019లో వివరించిన వ్యవస్థనే చూడండి. దానికి తర్వాత సీబాస్ అని పేరు పడింది. ఫేజ్ చొరబడగానే ఒక ఎంజైము, కణంలో ఎప్పుడూ ఉండే ఏటీపీ, జీటీపీ అనే చిన్న అణువులను కలిపి సీజీఏఎంపీ అనే ఉంగరం లాంటి చిన్న అణువును తయారు చేస్తుంది. అది కణమంతా వ్యాపించి, అప్పటిదాకా నిద్రాణంగా ఉన్న ఫాస్ఫోలైపేజ్ అనే మరో ఎంజైముకు అతుక్కుంటుంది. మేల్కొన్న ఆ ఎంజైము కణం లోపలి పొరలోని కొవ్వు అణువులను తెగ్గొడుతుంది. కొత్త ఫేజ్‌లు సిద్ధమై బయటపడకముందే కణం కుప్పకూలుతుంది. మన కణాలు కూడా దాదాపు ఇలాంటి ఉంగరంతోనే వైరస్ వచ్చిందని చాటుకుంటాయి, కాకపోతే వాటి స్పందన వేరు.

నన్ను కలవరపెట్టేది ఈ ఆత్మాహుతి కాదు, పసిగట్టేవాడికీ శిక్షించేవాడికీ మధ్య తిరిగే ఆ కబురు, అంటే ఆ ఉంగరం. టీ4 అనే ఫేజ్ ఏసీబీ1 అనే ప్రోటీన్‌తో ఆ ఉంగరాన్ని తెంపేస్తుంది. ఏసీబీ2 అనే మరో ఫేజ్ ప్రోటీన్ దాన్ని తెంపకుండా స్పాంజిలా పీల్చుకుని దాచేస్తుంది. పసిగట్టే ఎంజైము తన పని తాను చేస్తూనే ఉంటుంది, కబురు మాత్రం చేరదు. ఏ యాప్‌కైనా ఒక్క అనుమతి దొరికితే చాలు, భద్రతా హెచ్చరికలను నోరెత్తకుండా చేయగలిగేలా అప్‌డేట్లు విడుదల చేసేవారిది కూడా ఇదే నిర్లక్ష్యం. గుర్తింపు ఇంజిన్ గురించి పేజీల కొద్దీ గొప్పలు చెప్పుకుని, హెచ్చరిక నడిచే దారిని మాత్రం కాపలా లేకుండా వదిలేస్తారు.

మీరు కోరే మృదువైన డిజైన్ కూడా లేకపోలేదు. క్రిస్పర్ అనేది బ్యాక్టీరియాకు ఉన్న మరో రక్షణ వ్యవస్థ; అందులో మూడో రకం ఏటీపీలోని అడినోసిన్ భాగాలతో ఉంగరాలు అల్లి, జన్యు సందేశాలను మోసే ఆర్‌ఎన్‌ఏను నరికే ఎంజైములను లేపుతుంది. ముప్పు తగ్గాక ఆ ఉంగరాలను తెంపి, అలారం ఆపి, కణాన్ని తిరిగి పనిలో పెట్టడానికి దానికి వేరే ఎంజైములు ఉన్నాయి. అయితే అలాంటి కత్తెరను కొన్ని వైరస్‌లు తమ వెంటే తెచ్చుకుని, అలారం మోగకముందే వాడేస్తున్నాయి.