పుస్తకం ముట్టని బాబు

హన్మకొండ నుంచి ఒక తల్లి రాశారు. ఎనిమిదో తరగతి చదివే బాబు ఒకప్పుడు కథల పుస్తకం వదిలేవాడు కాదు. ఓసారి చుట్టాల ముందు వాళ్ల నాన్న "ఆడపిల్ల లెక్క ఎప్పుడూ ఆ కథలేంది, పోయి ఆడుకోరాదు" అన్నారట. అప్పటి నుంచి పుస్తకం ముట్టడం లేదు, తెలుగులో మార్కులు పడిపోయాయి. ఏదో నోట్‌బుక్‌లో రాసి పరుపు కింద దాస్తున్నాడు. "అక్క చక్కగా చదువుతుంది. వీడు మగపిల్లాడు కదా, అంతేలే అనుకుంటున్నా. కానీ టెన్షన్‌గా ఉంది" అన్నారు.

అమ్మా, మీవారి మాట బాబును గుచ్చింది, నిజమే. కానీ "మగపిల్లాడు కదా, అంతేలే" అన్న మీ మాట కూడా వాడికి అదే చెబుతోంది, ప్రేమగా. 2013లో ఇంగ్లండ్‌లోని కెంట్ యూనివర్సిటీ పరిశోధకులు తమ ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. పరీక్షకు ముందు 'చదువులో మగపిల్లలు వెనకబడతారు' అని చెబితే ఏడెనిమిదేళ్ల మగపిల్లలు చదవడం, రాయడం, లెక్కలు మూడింటిలోనూ తగ్గారు. ఆడపిల్లలు, మగపిల్లలు సమానంగా చేస్తారని ముందే చెప్పినప్పుడు మగపిల్లలు మెరుగుపడ్డారు. మారింది ఆ ఒక్క మాటే. మన తెలంగాణలో 2024 పదో తరగతిలో అమ్మాయిలు 93.23 శాతం, అబ్బాయిలు 89.42 శాతం పాసయ్యారు. ఇలాంటి అంకెలు వాడి ముందు చదవకండి, అక్కతో పోల్చకండి.

ఇంకోటి, 'ఆడపిల్ల లెక్క' అన్న తిట్టు ఆ ఇంట్లో అక్క కూడా విన్నది. నాకు అదీ బాధగానే ఉంది.

మీవారిని నిలదీయొద్దు. ఆయన పొద్దున పేపర్ చూసే మనిషైతే, ఒక వార్త బాబుతో పైకి చదివించుకొమ్మనండి. నాన్న చదవమని అడగడమే వాడికి కావాల్సింది. ఒక ఆదివారం ఇద్దరినీ పోతన ఊరు బమ్మెరకు పంపండి. పోతన నాగలి దున్నుతూ పద్యాలు రాశాడని మన ఊళ్లలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ మాట నాన్న నోటి నుంచి వస్తే ఇంకా మంచిది.

ఒకవేళ వాడు చదువుతుంటే అక్షరాలు తారుమారవుతున్నా, మొదటి నుంచీ కూడబలుక్కుని చదివే పిల్లాడైనా ఇది వేరే సంగతి. అప్పుడు ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ఆ నోట్‌బుక్ మాత్రం మీరుగా తీయకండి. వాడే తెచ్చి చూపించిన రోజు కూర్చుని మొత్తం చదవండి. ఆ రోజు ఒక్క అక్షరదోషం కూడా దిద్దకండి.